సవరణ: ఎట్టా జేమ్స్ బ్లూస్ ఆల్బమ్ గురించి

అమెరికన్ గాయని ఎట్టా జేమ్స్ బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీత శైలి) ఆల్బమ్ 'బ్లూస్ టు ద బోన్' గురించి రాసిన మా పోస్టులో మూడు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లు క్షమించాలి.

మొదటిది అవార్డు. 2003లో వచ్చిన 'లెట్స్ రోల్'కి దక్కింది కాంటెంపరరీ (సమకాలీన) బ్లూస్ గ్రామీ. ట్రెడిషనల్ (సంప్రదాయ) బ్లూస్ గ్రామీ వచ్చింది 2004 నాటి 'బ్లూస్ టు ద బోన్'కి. రెండింటినీ తారుమారు చేశాం.

రెండోది పెద్ద తప్పు. ఆమె పాడిన 'ఎట్ లాస్ట్' పాటను పన్నెండు బార్ల బ్లూస్ అన్నాం (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది). కాదు. అది 1941 నాటి సినిమా పాట, 32 బార్లది: ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు, మూడోదాంట్లో మాత్రం వరస మారుతుంది. అందులో బ్లూస్ ఉన్నది ఆమె గొంతులోనే, పాట నిర్మాణంలో కాదు. ఆ తేడా పట్టుకోకపోతే 2004 ఆల్బమ్‌లో ఆమె అసలు బ్లూస్ కట్టుకే తిరిగొచ్చిందని అర్థం కాదు.

మూడోది పన్నెండు బార్ల బ్లూస్‌లో కార్డుల (కలిపి వాయించే స్వరాల) వరస. తొమ్మిదో బార్‌లో 'ఏ' (A) కార్డు అని రాశాం, అక్కడ 'బీ' (B) రావాలి. 'ఈ' (E) కీలో, అంటే E ఆధార స్వరంగా, సరైన వరస ఇది: మొదటి నాలుగు బార్లు E, తర్వాత రెండు A, మళ్లీ రెండు E, తొమ్మిదిలో B, పదిలో A, పదకొండులో E, పన్నెండులో తిరిగి మొదలుకి లాగే B. తొమ్మిదిలో A వాయిస్తే బిగువు పుట్టదు, అక్కడ మొదలయ్యే మూడో పాదం మొదటి రెండింటికి జవాబులా వినపడదు.

పాడేవాళ్లకి ఇంకో మాట. ప్రతి పాదానికీ నాలుగు బార్లు. పాట సుమారు రెండు బార్లలో ముగియాలి, మిగతాది గిటార్‌ది, హార్మోనికాది. ఆ ఖాళీని సంగతులతో నింపేస్తే బ్లూస్ చచ్చిపోతుంది. అయితే అదే ఆల్బమ్‌లోని 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్'కి పైన చెప్పిన కార్డుల వరస వర్తించదు. బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ అంతకుముందు పాడిన ఆ పాట ఒకే కార్డు మీద నడుస్తుంది.