మిద్దె తోట ఆసుపత్రి కాదు

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత మా పెద్దమ్మ కొడుకు పంపాడు, ఆ తర్వాత నాతో డిగ్రీ చదివిన ఇద్దరు ఒకే రోజు పంపారు. అందరిదీ ఒకటే మాట, "నీకు మిద్దె తోట ఉంది కదా, పనికొస్తుందని". పంపినవాళ్లంతా నా మంచి కోరేవాళ్లే. అందుకే డిలీట్ చేసి ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ పేరు "మీ మిద్దె మీదే సంత, మీ మిద్దె మీదే దవాఖానా". అందులో ఎనిమిది పాయింట్లు. పది గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) ఉంటే నలుగురికి ఏడాదంతా కూరగాయలు. ఇంట్లో పండించిన మొక్కకు పురుగు రాదు. రాగి చెంబుతో నీళ్లు పోస్తే కాపు రెట్టింపు. తులసి కుండీ ఉంటే దోమలు రావు. బాల్కనీకి పట్టిన తేనెపట్టును పెట్టెలోకి మార్చుకుంటే ఏటా 30 కిలోల తేనె. వత్తికి రాసి వెలిగిస్తే అసలు తేనె ఏదో, నకిలీ ఏదో తేలిపోతుంది. పుట్టిన బిడ్డ నాలుకకు ఆ తేనె రాయాలి. ఇక ఎనిమిదోది: డెంగీ వస్తే పెరట్లో బొప్పాయి ఆకుల రసం రెండు పూటలు తాగించండి, ప్లేట్‌లెట్లు లక్ష దాటుతాయి, రక్త పరీక్షా వద్దు, ఆసుపత్రీ వద్దు. చివర్లో "స్వావలంబన నేర్చుకోండి, పది మందికి నేర్పండి" అని.

నేను రాయడానికి కారణం ఆ ఎనిమిదోదే. కానీ దాన్ని నమ్మించేవి పైన ఉన్న సగం నిజాలు కాబట్టి వాటినీ చూద్దాం.

రాగి చెంబు గురించి చెప్పడానికేమీ లేదు, మొక్కకు కావాల్సింది నీళ్లు. తులసి దగ్గర దోమలు రావన్న మాట సాయంత్రం మా మిద్దెక్కి తులసి పక్కన పది నిమిషాలు కూర్చుంటే తేలిపోతుంది. పురుగు రాదంటారా? మా వంగ మొక్కలకు పిండినల్లి పట్టినప్పుడు వేపనూనెలో సబ్బునీళ్లు కలిపి మూడు వారాల పాటు రోజు విడిచి రోజు ఆకు అడుగున తుడిచాను, రెండు మొక్కలు పోయాయి, మూడోది బతికింది. బీర పిందెలు పండుఈగ కాటుకు వంకర పోకుండా బుట్టలు కట్టాను. ఇంటి మొక్క అని పురుగుకు తెలియదు కదా.

కూరగాయల లెక్క చూడండి. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురికి రోజుకు కిలోన్నర పైన, అంటే నెలకు దాదాపు 48 కిలోలు. పది బ్యాగులు ఇంత ఇవ్వలేవు, నా దగ్గరున్న అరవై కూడా ఇవ్వవు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై దాటితే నీడకు కట్టే షేడ్ నెట్ కింద కూడా టమాటా పూత రాలిపోతుంది. ఆ రెండు నెలలూ మాకు తోటకూర, బచ్చలి, గోంగూర, కరివేపాకు మాత్రమే మిద్దె మీద నుంచి వస్తాయి, మిగతావన్నీ రైతు బజారు నుంచే. 1999లో రైతు బజార్లు పెట్టినప్పటి నుంచి మా అత్తయ్య సరూర్‌నగర్ బజారుకు వెళ్తూనే ఉంది, ఇప్పుడు నేనూ వెళ్తున్నాను. అందులో తక్కువతనం ఏముంది? పండించిన రైతు దగ్గర కొనడం పరాధీనం ఎలా అవుతుంది?

ఒక సంగతి మాత్రం మెసేజ్‌లో లేదు, ఉండాల్సింది. మిద్దె మొత్తం అడుగు ఎత్తు మట్టి పోసెయ్యకండి. తడిసిన మట్టి చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. మనుషులు తిరిగే మామూలు మిద్దెను దాని సొంత బరువు కాక చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన కడతారు. కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు) ఎక్కువ కలిపి మట్టి తగ్గించండి, కుండీలను పిట్టగోడ వెంబడి, కింద దూలాలున్న చోట పెట్టండి, పాత ఇల్లయితే ఇంజనీరును పిలిచి చూపించండి.

తేనె సంగతికొస్తే ఒళ్లు మండుతుంది. మన అపార్ట్‌మెంట్లలో బాల్కనీల కింద, వాటర్ ట్యాంకుల కింద చాట అంత వెడల్పున ఒకే పట్టు వేలాడుతూ ఉంటుందే, అది పెద్ద తేనెటీగ, కొండతేనె పెట్టే జాతి. అది ఆరుబయట ఒక్క పట్టే కట్టుకుంటుంది, కాలం మారగానే లేచి ఇంకో చోటికి పోతుంది, పెట్టెలో ఉండదు. పెట్టెల్లో పెంచేది చెట్టు తొర్రల్లో, పుట్టల్లో చీకట్లో వరుసగా పట్లు కట్టే పుట్టతేనె ఈగను, లేదంటే బయటి దేశం నుంచి తెచ్చిన ఇటాలియన్ ఈగను. ఈ తేడా తెలియకుండా ఎవరైనా నిచ్చెనేసుకుని పెద్ద పట్టు మీద చెయ్యి వేస్తే ఏమవుతుంది? ఒకటి కుడితే ఆ వాసనకు వందలు లేస్తాయి. కింద ఆడుకునే పిల్లలు, వాచ్‌మన్, రోడ్డు మీద పోయేవాళ్లు, అందరి మీదా పడతాయి. ఈ పాయింటు రాసినవాళ్లు ఒక్క పట్టునైనా దగ్గర్నుంచి చూసి ఉంటారా?

30 కిలోల లెక్క ఇటాలియన్ ఈగలది. అది కూడా పూత ఎక్కడుంటే అక్కడికి, కుసుమకో పొద్దుతిరుగుడుకో, పెట్టెలను లారీలో తిప్పేవాళ్లకు వచ్చేది. పుట్టతేనె పెట్టె బాగా చూసుకుంటే ఏడాదికి ఐదు నుంచి పది కిలోలు ఇస్తుంది, పూత లేని రోజుల్లో మనమే పంచదార నీళ్లు పెట్టాలి, మైనపు పురుగు పట్టకుండా వారం వారం తీసి చూడాలి. నిజంగా ఆసక్తి ఉంటే రాజేంద్రనగర్‌లోని మొక్కల ఆరోగ్య సంస్థ ఎన్.ఐ.పి.హెచ్.ఎం.లో శిక్షణ ఇస్తారు, నేర్చుకుని పెట్టండి. లేదా పెట్టె జోలికే వెళ్లకుండా మునగ, కరివేపాకు, తులసి మొక్కలను పూతకు వదలండి. ఈగలు వాటంతటవే వస్తాయి. మా సొరపాదు పూత రాలిపోవడం ఆగింది కూడా పక్కన తులసిని పూతకు వదిలాకే.

వత్తి పరీక్ష: తేమ తక్కువున్న పంచదార పాకం కూడా మండుతుంది. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే ఎన్.ఎం.ఆర్. అనే ఆధునిక ల్యాబు పరీక్షలో గట్టెక్కినవి మూడే. మామూలు ల్యాబు పరీక్షలకే దొరకని కల్తీ మన అగ్గిపుల్లకు దొరుకుతుందా? తేనె గడ్డకడితే నకిలీ అని పారేసేవాళ్లకు ఇంకో మాట, అసలు తేనె కూడా గడ్డకడుతుంది.

పసిబిడ్డ నాలుకకు తేనె రాయొద్దు. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే కొన్ని సూక్ష్మక్రిముల బీజాలు మన కడుపులో ఏమీ చెయ్యలేవు, పసిపేగులో మాత్రం మొలకెత్తి విషం పుట్టిస్తాయి, బిడ్డ పాలు పీల్చలేక, మెడ నిలపలేక వాలిపోతుంది. ఇంటి తేనె అయినా, స్వచ్ఛమైనదైనా ఇంతే. మా అమ్మ నాకు రాసింది, నేను బాగానే ఉన్నాను, అయినా నా కూతురికి రాయనివ్వలేదు. ఆ రోజు ఇంట్లో జరిగిన గొడవ నాకింకా గుర్తుంది. రాయనివ్వనందుకు ఇప్పటికీ బాధ లేదు.

ఇక డెంగీ.

రెండేళ్ల కిందట సెప్టెంబరులో మా పక్క ఫ్లాట్ పిల్లాడికి జ్వరం వచ్చింది. పన్నెండేళ్లవాడు. నాలుగు రోజులు 103 దగ్గరే ఉంది. వాళ్లమ్మ మా మిద్దె మీద డ్రమ్ములో ఉన్న బొప్పాయి ఆకులడిగింది. కోసిచ్చింది నేనే. ఐదో రోజు పొద్దున జ్వరం దిగింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం, ఆకు పనిచేసిందన్నాం. ఆమె స్టీలు గ్లాసులో ఆకుపచ్చ రసం, అందులో చెంచా తేనె కలిపి పట్టించింది, వాడు కక్కేశాడు. చేదుకు కక్కాడనుకున్నాం. మళ్లీ పట్టించింది, మళ్లీ కక్కాడు. కడుపు నొప్పన్నాడు, పరగడుపున తాగినందుకేమో అనుకున్నాం. మధ్యాహ్నానికి వాడు అల్లరి మాని గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పాపం, నాలుగు రోజుల అలసట" అంది వాళ్లమ్మ. దుప్పటి సర్దుదామని కాలు పట్టుకున్నాను. కుండలో నీళ్లలా చల్లగా ఉంది. పొద్దుటి నుంచి ఒక్కసారైనా ఒంటికి వెళ్లాడా అని అడిగితే ఎవరికీ తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు ప్లేట్‌లెట్ల కంటే ముందు పి.సి.వి. చూశారు, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క. ప్లేట్‌లెట్లు 62 వేలు, దానికి ఆయన కంగారు పడలేదు. పి.సి.వి. 50 ఉంది, దానికి పడ్డారు. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా రక్తంలోని నీరు నాళాల గోడల్లోంచి బయటికి కారిపోవడం. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. అది జరిగేది సరిగ్గా జ్వరం దిగే వేళ, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో. అంటే ఆకు రసం గెలిచిందని మనం సంబరపడే గంటల్లోనే. పిల్లాడిని రెండు రోజులు ఐ.సి.యు.లో పెట్టి గంట గంటకూ లెక్క చూస్తూ సెలైన్ ఎక్కించారు. ఒక్క ప్లేట్‌లెట్ల సంచీ కూడా ఎక్కించలేదు. ఆ తర్వాత అవి వాటంతటవే పెరిగాయి, దాదాపు అందరికీ అలాగే పెరుగుతాయి. ఆకు రసం తాగినవాళ్లకూ పెరుగుతాయి, తాగనివాళ్లకూ పెరుగుతాయి. ఆ మెసేజ్‌కు "మా మరిదికి పనిచేసింది" అన్న సాక్ష్యాలు వేలల్లో దొరకడానికి కారణం ఇదే.

రక్త పరీక్ష వద్దని ఎలా రాయగలిగారు? వద్దన్న ఆ పరీక్షే కదా ఆ పిల్లాణ్ని బతికించింది! ఒక్క వాక్యం రాసి పది మందికి పంపమన్నారు. ఆ పదిమందిలో ఒకరింట్లో ఐదో రోజు జ్వరం దిగిన పిల్లాడు గోడవైపు తిరిగి పడుకుని ఉంటే దానికి ఎవరు జవాబుదారీ?

బొప్పాయి ఆకు గురించి ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మన దేశంలోనే జరిగిన కొన్ని చిన్న పరిశోధనల్లో ఆకు సారంతో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగినట్టు కనిపించింది, మన నగరంలో కొందరు డాక్టర్లు ఆ మాత్రలు రాస్తారు కూడా. అది మూఢనమ్మకమని నేను అనను. డాక్టరు చూస్తుండగా, కడుపులో ఇముడుతుంటే, ఆయన సరేనంటే తీసుకోండి. కారిపోయే నీటిని మాత్రం అది ఆపదు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. జనం ఆకు వైపు పరిగెత్తేది తెలివి తక్కువై కాదు, బిల్లుకు భయపడి. జ్వరమని వెళ్తే వేలకు వేలు అవుతాయేమోనన్న టెన్షన్ నాకూ ఉంది. అలాంటప్పుడు మెసేజ్‌లో రాయాల్సింది నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి పేరు, మీ వీధి చివరి బస్తీ దవాఖానా పేరు. రెండు చోట్లా డబ్బు కట్టకుండా చూస్తారు.

ఇంట్లో మన చేతిలో ఉన్నవి కూడా చాలానే ఉన్నాయి. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఒక్కటే ఇవ్వండి, ఒళ్లు నొప్పులని ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వెయ్యకండి, రక్తస్రావం అయ్యే ముప్పుంది. ప్యాకెట్ మీద ఉన్నంత కొలత నీళ్లలో ఓ.ఆర్.ఎస్., కొబ్బరి నీళ్లు, గంజి పడుతూ ఉండండి. ఎన్నిసార్లు మూత్రం పోశాడో క్యాలెండర్ మీద పెన్నుతో గీతలు పెట్టండి. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, చల్లటి చేతులు, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా రాత్రి రెండైనా బయల్దేరండి. స్వావలంబన అంటే నాకు తెలిసింది ఇదే.

మిద్దె తోట పెట్టుకున్న మనవాళ్లకు ఆ మెసేజ్ చెప్పనే చెప్పని మాట ఒకటుంది. పిల్లాడు ఇంటికొచ్చిన మర్నాడు నేను మా కుండీల కింది పళ్లాలు ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. పదకొండింట్లో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. డెంగీ దోమ మురికి కాలవలో కంటే ఇలాంటి కాసిని తేట నీళ్లలోనే ఎక్కువ గుడ్లు పెడుతుంది, అవి వారం పది రోజుల్లో దోమలై ఎగిరిపోతాయి, పగలు కుడతాయి. వాణ్ని కుట్టిన దోమ నా కుండీల కిందే పుట్టిందో కాదో ఎవరూ చెప్పలేరు. దోమ కడుపులో మలేరియా క్రిమిని బ్రిటిష్ డాక్టరు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది ఇక్కడే, మన బేగంపేటలో. ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. అలాంటి ఊళ్లో తులసి కుండీ పెట్టుకుని, దాని కింది పళ్లెంలోనే దోమల్ని పెంచుతున్నాం.

నీళ్లు ఒలకబోస్తే చాలదు. గుడ్లు పళ్లెం గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, తడి తగిలితే పిల్లలవుతాయి. పీచుతో గట్టిగా రుద్దాలి. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున నేనూ మా అమ్మాయీ పళ్లాలు రుద్ది బోర్లిస్తాం, నీళ్ల డ్రమ్ముకు పల్చటి గుడ్డ కడతాం. తేనెపెట్టె కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు అందులో చుక్క నూనె వెయ్యండి.

అన్నయ్యా, నువ్వు పంపిన మెసేజ్‌కు నా జవాబు ఇది. కోపంతో రాసినా నీ మీద కోపం కాదు. మీ బాల్కనీలో కూలర్ మే నెల నుంచి అలాగే ఉందని మొన్న వదిన చెప్పింది. దాని ట్రేలో నీళ్లున్నాయేమో ఒకసారి వెళ్లి చూసి నాకు ఫోన్ చెయ్యి.