ఇంటి పన్ను రసీదుతో ఇల్లు మీదైపోదు

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. "నలుగురు కలిసి కిరాయికుంటే ఇంటి పన్ను నలుగురూ పంచుకొని కట్టాలి. మంది పెరిగితే పన్ను పెరుగుతుంది. లేటయితే ఫైన్ మీకే. రసీదులు దాచుకోండి, పన్నెండేండ్లయితే ఇల్లు మీదే." పాలమూరులో రూములు తీసుకొని చదువుకునే పిల్లల ఫోన్లలో ఇదే తిరుగుతోంది.

మంది లెక్క శుద్ధ అబద్ధం. ఇంటి కొలత, కట్టడం రకం, ఏరియా, వాడకం చూసి పన్ను వేస్తారు. లోపల ఇద్దరు పడుకుంటున్నారా, ఆరుగురా అని ఎవరూ లెక్కపెట్టరు.

ఫైన్ సంగతీ అంతే. డిమాండు నోటీసు ఓనర్ పేరు మీద వస్తుంది. జూన్ 30, డిసెంబర్ 31 గడువులు దాటితే పడే వడ్డీ ఆయన బాకీయే. ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను కడితే దొరికే 5 శాతం తగ్గింపు కూడా ఆయనదే.

నాకు కోపం తెప్పించింది ఆ చివరి మాట. పద్మావతి కాలనీలో మా అక్క కొడుకు, ఇంకో ముగ్గురు ఒక పోర్షన్‌లో ఉంటారు. తలా ఆరు వందలు వేసుకొని పన్ను డబ్బు ఓనర్ చేతికిచ్చారు. వాడు ఆ రసీదుకు లామినేషన్ చేయించి, టెన్త్ మెమో ఉన్న ఫైలులో పెట్టుకున్నాడు! దాని మీదున్న పేరు చదవమన్నాను. ఓనర్ పేరే.

పన్నెండేండ్ల లెక్క 1963 నాటి లిమిటేషన్ చట్టంలోది. యజమాని హక్కును కాదని, ఇది నాదేనని బాహాటంగా అనుభవించినవాడికి ఆ లెక్క. మీరు ఆయన అనుమతితో దిగారు, నెలనెలా కిరాయి ఇస్తున్నారు. ఇల్లు ఆయనదేనని ప్రతి నెలా మీరే ఒప్పుకుంటున్నట్టు కాదా? పన్నెండు కాదు, ముప్పై ఏండ్లు పన్ను కట్టినా కిరాయిదారు కిరాయిదారే. పన్ను రసీదు రిజిస్ట్రేషన్ కాగితం కాదు. ఇది నమ్మి ఓనర్‌తో కొట్లాటకు దిగితే కోర్టు ఖర్చులు ఈ మెసేజ్ పంపినవాళ్లు పెట్టుకుంటారా?

పన్ను కిరాయికున్నోళ్లే పంచుకొని కట్టాలన్న ఆ మెసేజ్ మొదటి ముక్క దగ్గర మాత్రం నేను కొంత తగ్గాలి. పిల్లల అగ్రిమెంట్ తెప్పించి చూస్తే, ఆరో షరతులో "ఇంటి పన్ను కిరాయిదారులే భరించాలి" అని ఉంది. సంతకం పెట్టాక అది కట్టాల్సిందే. కాకపోతే అది ఓనర్‌కు బాకీ, మున్సిపాలిటీకి కాదు. పైగా అగ్రిమెంట్ ఒక్కడి పేరునే ఉంది కాబట్టి ఓనర్ అడగగలిగేది ఆ ఒక్కణ్నే. మిగతా ముగ్గురిది వాళ్లలో వాళ్ల మాట.

ఓనర్లు కూడా ఒకటి చూసుకోవాలి. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కిరాయి ఆదాయం నుంచి మున్సిపల్ పన్ను తీసేసుకోవాలంటే అది ఓనర్ స్వయంగా భరించి కట్టి ఉండాలి. కిరాయిదారుల మీద వేస్తే ఆ మినహాయింపు పోతుంది.

వచ్చే నెల అగ్రిమెంట్ రెన్యువల్. ఈ మాట ఓనర్‌కు చెప్పి, ఆరో షరతు కొట్టేయించడానికి నేనే వెళ్తున్నాను.