మాలకీ క్వార్టర్‌కీ మధ్య

మా బావ అనంతపురంలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాడు. పదిరూపాయలు తేడా వస్తే రాత్రి పదకొండైనా ఇంటికి రాడు. అట్లాంటి మనిషి మందు దగ్గరకొచ్చేసరికి ఎప్పుడడిగినా ఒకటే లెక్క చెప్పేవాడు: "రెండు పెగ్గులేప్పా." పోయిన ఎండాకాలం ఒకరోజు మిద్దె మీద కూర్చున్నప్పుడు నాకెందుకో అనుమానమొచ్చి, మా పిల్లోడి దగ్గుమందు సీసా మూత తెచ్చాను. నిండుగా పోస్తే 10 మి.లీ. పట్టే మూత. బావ తన స్టీలు గ్లాసులో ఒక పెగ్గు కింద రోజూ పోసుకునేంత పోశాడు. నీళ్లు కలపకముందే మూతతో కొలిచాం. ఎనిమిది మూతలు నిండాయి, అడుగున ఇంకా కాస్త మిగిలింది. అంటే రెండు పెగ్గులకు దాదాపు క్వార్టర్ సీసా, 180 మి.లీ., అయిపోతుంది. బావ ఆ మూతనే కాసేపు చూసి, "గ్లాసు పెద్దది లే" అన్నాడు.

పూర్తిగా మానకుండా తక్కువగా తాగడం నేర్చుకోవచ్చా అన్న ప్రశ్న నాకు ఆ మూత దగ్గరే మొదలైంది. మా వైపు మనుషులను రెండే రకాలుగా చెబుతారు. ఫలానావాడు తాగుతాడు, ఫలానావాడు మానేశాడు. "తగ్గించాడు" అని ఎవరైనా అంటే వినేవాళ్లు నవ్వుతారు. మానేయడానికి మాకు పద్ధతులున్నాయి. కార్తీకం వస్తే అయ్యప్ప మాల, 41 రోజులు. బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడికైతే మందు మానాలనుకునేవాళ్లు ఏకాదశి రోజున మాల వేసుకోవడానికే వస్తారు. వీటిని నేను తేలిగ్గా తీసెయ్యను. మెడలో మాల ఉన్నవాడిని "ఒక్కటే కదరా, వెయ్" అని ఎవడూ బలవంతం చేయడు. వద్దని చెప్పడానికి మనిషికి ఒక ఆసరా దొరుకుతుంది. డాక్టరు చీటీకి కూడా అంత బలం ఉండదు. చిక్కంతా మాల తీసిన సాయంత్రమే. 41 రోజులు చుక్క ముట్టనివాడికి 42వ రోజు ఎంత తాగాలో ఎవరూ నేర్పలేదు. వాడికి తెలిసిన కొలత క్వార్టర్. దాంతోనే మళ్లీ మొదలుపెడతాడు.

ప్రభుత్వాలూ మాల వేసుకుని తీసినవే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే పోయింది, 1997లో తిరిగొచ్చింది. 2019లో దశలవారీ నిషేధమన్నారు. సర్కారే దుకాణాలు నడిపింది, రేట్లు పెంచింది. రాయదుర్గం వాళ్లు బళ్లారి వైపు, కర్నూలు వాళ్లు తుంగభద్ర దాటి అలంపురం వైపు బండ్లు తిప్పారు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టర్ వచ్చాయి. ఇన్నేళ్లలో ఎంత పోసుకుంటే ఎంత లోపలికి పోతుందో సీసా మీదైనా తాగేవాడికి అర్థమయ్యేట్టు చెప్పింది లేదు. మద్యపానం హానికరం అని ఒక మాట అచ్చు వేసి వదిలేశారు.

ఆ లెక్క పెద్ద కష్టమేమీ కాదు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ మామూలుగా 42.8 శాతం. 180 మి.లీ. క్వార్టర్‌లో అది 77 మి.లీ., తూకంలో సుమారు 60 గ్రాములు. 10 గ్రాములను ఒక డ్రింక్‌గా లెక్కేస్తే క్వార్టర్‌లో ఆరు, అందులో సగమైన నైంటీలో మూడు. కాలేయం గంటకు దాదాపు ఒకటి చొప్పున కరిగించగలదు. రాత్రి పదింటికి క్వార్టర్ పూర్తిచేసినవాడి ఒంట్లో అది తెల్లారుజామున నాలుగు దాకా ఉంటుంది. ఆరింటికి పాల కోసం బండి తీసేవాడు దిగిపోయిందనుకుంటాడు కానీ, తల ఇంకా పూర్తిగా అతని చేతిలో ఉండదు. బీరే కదా అనేవాళ్లకు ఒక మాట: 7 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒక నైంటీ కంటే కాస్త ఎక్కువే.

ఇక మితంగా తాగడం సాధ్యమా అన్నది. లండన్‌లో డి.ఎల్. డేవిస్ అనే మానసిక వైద్యుడు 1962లో, వ్యసనానికి చికిత్స చేసిన 93 మందిలో ఏడుగురు మామూలుగా తాగే స్థితికి వచ్చారని రాస్తే పెద్ద దుమారమే రేగింది. తర్వాత మళ్లీ ఆరా తీస్తే ఆ ఏడుగురిలోనూ ఎక్కువమంది అలా నిలబడలేదని తేలింది. 1994లో అమెరికాలో ఆడ్రీ కిష్లైన్ అనే ఆమె మితంగా తాగడం నేర్పే సంఘం పెట్టింది. దాని నియమాల్లో ఒకటి, ముందు 30 రోజులు పూర్తిగా మానాలి. మన మాల కన్నా పదకొండు రోజులు తక్కువ! 2000లో ఆమె తాగి పికప్ ట్రక్కు నడిపి ఒక తండ్రినీ కూతురినీ చంపింది. మితం అనేదే అబద్ధమని చాలామంది ఎత్తిచూపారు. అప్పటికి రెండు నెలల ముందే ఆమె మితం వదిలేసి పూర్తిగా మానేవాళ్ల సంఘంలో చేరిందన్న సంగతిని పక్కకు నెట్టేశారు. ఆ ఒక్క కథతో ఏ పక్షమూ గెలవదు.

నా మట్టుకు నాకు తోచేది ఇది. పొద్దున్నే చెయ్యి వణికి, గుక్క పడితేనే నిలబడే మనిషితో మితం గురించి మాట్లాడటం దండగ. అతను ఉన్నట్టుండి మానినా ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివాళ్లతో మాట్లాడవచ్చు. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అతనికి కావలసింది ఆసుపత్రిలో మంచం. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. కానీ తాగేవాళ్లందరూ ఈ దశలో లేరు. 2019లో కేంద్రం ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. మద్యం వల్ల ఇబ్బందుల్లో పడి సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లు, బానిసలైనవాళ్లు అందులో సగం. మిగతా కోట్లమందికి "మానేయ్" అన్న ఒక్క మాటే మన దగ్గరుంది. వాళ్లు దాన్ని వినరు, తాము తాగుబోతులం కామనుకుంటారు కాబట్టి. క్షేమకరమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నిజమే. అయినా ఆరు డ్రింకులవాడు రెండుకు దిగితే అతని కాలేయానికీ, జీతానికీ, బండి ఎక్కే పిల్లలకూ మేలే.

ఈ మాటే మా అక్కతో అంటే విసురుగా చూసింది. "తగ్గిస్తా అని నా పెళ్లయినప్పటి నుంచీ వింటాండా. తగ్గించడమంటే రేపట్నుంచి కదా అబ్బీ" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. మితమనే మాటను మగవాళ్లు వాయిదా కోసం వాడి వాడి అరగదీశారు. అందుకే మితానికి నోటిమాట చాలదు, రాసిన లెక్క ఉండాలి: ఏ రోజు, ఎన్ని. ఒక నెల పూర్తిగా ఆపి, తర్వాత తాను పెట్టుకున్న గీత దాటకుండా ఉండగలిగితే సరే. ఉండలేకపోతే, మానడమే తన దారి అని ఆ నెలలే చెబుతాయి.

బావ ఒప్పుకున్నాడు. నెలంతా ఆపాడు, కష్టంగానే. తర్వాత వారానికి రెండు రోజులు, రోజుకు ఆరు మూతలు. మూత వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన. గోడ మీది క్యాలెండర్‌లో తాగిన రోజున మూతకొక గీత, నీలం పెన్నుతో. మొదటి రెండు వారాలు గీతలు సరిగ్గానే ఉన్నాయి. మూడో వారం శనివారం గడి ఖాళీగా కనిపించింది. పోయినవారం వెళ్లినప్పుడు చూస్తే ఆ గడిలో తొమ్మిది గీతలున్నాయి. ఎర్ర పెన్నుతో, అక్క గీసినవి.