చచ్చినవాడే ఏ-1

2019 నవంబరు 30న, యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగిన 'దిశ' కేసు నిందితుల్ని ఉంచిన షాద్‌నగర్ పోలీస్ స్టేషన్ ముందు జనం గేట్లు తోసుకొచ్చారు. "నిందితుల్ని మాకప్పగించండి" అని కేకలు. చెప్పులు లేచాయి, లాఠీలూ లేచాయి. అదే రోజు శంషాబాద్ పరిధిలో ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. అమ్మాయి కనబడడం లేదని రాత్రివేళ పరుగెత్తుకొచ్చిన కుటుంబాన్ని "ఇది మా పరిధి కాదు" అని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారని, కేసు ఆలస్యంగా నమోదు చేశారని ఆరోపణ. ఆరు రోజులు తిరిగేసరికి, డిసెంబరు 6న తెల్లవారుజామున చటాన్‌పల్లి వంతెన కింద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి వంతెన మీద జనం. ఈసారి చెప్పులు కాదు, పూలరేకులు.

ఆ ఆరు రోజుల్లో పోలీసు శాఖలో మారిందేమీ లేదు. పరిధి పేరుతో తిప్పి పంపే రైటర్ (స్టేషన్ రాతపని చూసేవాడు) అక్కడే ఉన్నాడు, ఎక్కడ నేరం జరిగినా ముందు తీసుకోవాల్సిన జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోకుండా "రేపు రండి" అనే అలవాటూ అక్కడే ఉంది. మరి పూలు ఎందుకు పడ్డాయి? పోలీసుల మీద నమ్మకం వల్ల అని చాలామంది రాశారు. నాకలా అనిపించదు. పూలు చల్లినవాళ్లలో ఎంతమంది తమ ఇంట్లో ఏదైనా జరిగితే, తెలిసిన లీడర్‌తో ఒక ఫోన్ చేయించుకోకుండా, ఒంటరిగా స్టేషన్ మెట్లెక్కుతారు? అవి కోర్టు మీద ఆశ వదులుకున్నవాళ్ల పూలు. దేశంలో విచారణ పూర్తయిన అత్యాచారం కేసుల్లో శిక్ష పడేవి నాలుగింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగి చివరికి ఓడిపోయే ఆటలో, పోలీసే అంపైరైతే బాగుండునన్న ఆశ అది. విచిత్రమేమంటే, కేసు ఓడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది పోలీసు దర్యాప్తే: ఆలస్యంగా పడిన ఎఫ్‌ఐఆర్, సరిగా సీలు వేయని నమూనా, అడ్డం తిరిగే పంచనామా సాక్షి. దర్యాప్తు చేతకాని శాఖకు ఆ చేతకానితనానికే బహుమతిగా తుపాకీ పెత్తనం కూడా ఇచ్చేశాం.

మన దగ్గర పోలీసు సైనికంగా మారిన తీరు అమెరికా కథ కాదు. అక్కడ మిలటరీ వాడి వదిలేసిన కవచ వాహనాలు చిన్న చిన్న ఊళ్ల పోలీసులకు చేరాయి. ఇక్కడ మారింది ముందు సామాను కాదు, పద్ధతి. 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో, నక్సలైట్ల మీద పోరుకు ప్రత్యేక దళంగా గ్రేహౌండ్స్ పుట్టింది. చిన్న దళాలు, రోజుల తరబడి కాలినడకన అడవిలో కూంబింగ్, సమాచారం ఇచ్చినవాడి పేరు బయటికి రాకూడదు, ముందు ఎవరు పేల్చారన్నది తర్వాతి మాట. యుద్ధంగా చూస్తే అది ఫలించిన పద్ధతే, ఇతర రాష్ట్రాలూ దాన్ని నమూనాగా తీసుకున్నాయి. కానీ అడవిలో ఎదురుగా ఉన్నవాడు శత్రువు. బస్తీలో ఎదురుగా ఉన్నవాడు మహా అయితే నిందితుడు, చాలాసార్లు అదీ కాదు. ఈ తేడా చెరిగిపోతే ఏమవుతుందో చూడాలంటే ఎన్‌కౌంటర్ దాకా వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లో జరిగే కార్డన్ సెర్చ్ చూస్తే చాలు.

బస్తీకి నాలుగు వైపులా పోలీసులు నిలబడతారు. లోపల ఇంటింటికీ తలుపు కొట్టి ఆధార్ అడుగుతారు, బండి కాగితాలు అడుగుతారు. చివర్లో ప్రెస్‌మీట్: కాగితాలు లేని బైకులు ఇన్ని, ఆటోలు ఇన్ని, గుట్కా ప్యాకెట్లు ఇన్ని. చట్టం ఏమంటుంది? వారెంటు లేకుండా సోదా చేయాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 185వ సెక్షన్ ప్రకారం అధికారి తన నమ్మకానికి కారణాన్ని, ఏ వస్తువు కోసం వెతుకుతున్నాడో ముందే కాగితం మీద రాయాలి. 103 ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు ఉండాలి. 105 ప్రకారం సోదా మొత్తం ఆడియో, వీడియో తీయాలి. ఇంటికో కారణం రాయాల్సిన చోట బస్తీ మొత్తానికీ కలిపి ఏ కారణం రాస్తారు? "మేం సోదా చేయలేదు, కాగితాలు చూపించమని అడిగామంతే" అన్నది మామూలు జవాబు. ఎవరూ కాదనలేదు గనక అది సమ్మతి అట. తెల్లవారుజామున తలుపు దగ్గర యూనిఫాంలో పదిమంది నిలబడితే కాదనేవాడెవడు? ఇదే తనిఖీ గేటెడ్ కమ్యూనిటీలో జరిగిందని ఎప్పుడైనా విన్నామా? దొంగబండి అక్కడి సెల్లార్‌లోనూ ఉండొచ్చు కదా. అయినా టీవీలో చూసేవాడికి ఇది "పోలీసులు పని చేస్తున్నారు" అన్న దృశ్యమే.

కాల్పుల విషయానికొస్తే అసలు మెలిక ఎఫ్‌ఐఆర్‌లో ఉంది. ఎన్‌కౌంటర్ జరిగాక ఫిర్యాదు రాసేది కాల్పులు జరిపిన దళ నాయకుడే. సెక్షన్లు: హత్యాయత్నం, ఆయుధాల చట్టం. నిందితులు: చనిపోయినవాళ్లు. చచ్చినవాడే ఏ-1, అంటే మొదటి నిందితుడు. చనిపోయినవాడి మీద విచారణ నడవదు కాబట్టి నిందితులు మృతి చెందారని కేసు మూతపడుతుంది. "ఆత్మరక్షణ కోసం కాల్చాం" అన్న ఒక్క వాక్యాన్ని బోనులో నిలబెట్టి క్రాస్ ఎగ్జామిన్ చేసే సందర్భం ఎక్కడా రాదు. మామూలు మనిషి తనను తాను కాపాడుకోవడానికి ఎవరినైనా చంపితే అతని మీద ముందు హత్య కేసు పడుతుంది, ఆత్మరక్షణ అన్నది కోర్టులో రుజువు చేసుకోవాల్సిన వాదన. పోలీసుకు మాత్రం అది ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడే తీర్పైపోతుంది.

దీన్ని అందరికంటే ముందు నిలదీసింది తెలుగు నేలే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో ఆదేశాలిచ్చింది. 1997లో కమిషన్ చైర్మన్ జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. దేశమంతటికీ ఎన్‌కౌంటర్ మార్గదర్శకాలు అలా మొదలయ్యాయి. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసింది: పోలీసు చేతిలో మరణం జరిగితే దాన్ని నేరంగానే నమోదు చేయాలి, ఆత్మరక్షణ అవునో కాదో విచారణలో తేలాలి. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి నెల తిరగకుండానే స్టే తెచ్చుకుంది. 2014 సెప్టెంబరు 23న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని ఉంది. ఎవరి మీద అన్నది లేదు. మిగతా పదిహేనూ ఎంత గట్టివైనా నీళ్లు కారిపోయేది ఈ చిల్లులోంచే.

మిగతావి నిజంగానే గట్టివి. రహస్య సమాచారం వస్తే ఏదో రూపంలో ముందే రాసి ఉంచాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి, దాని పర్యవేక్షకుడు దళ నాయకుడికంటే కనీసం ఒక ర్యాంకు పైన ఉండాలి. రక్తం తడిసిన మట్టి, వెంట్రుకలు, దారాలు సేకరించాలి. ఇద్దరు వైద్యులు పోస్టుమార్టం చేయాలి, అది వీడియో తీయాలి. కాల్చిన ఆయుధాలు అప్పగించాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. వాళ్ల సాహసం నిస్సందేహంగా రుజువయ్యేదాకా పతకాలు, యాక్సిలరేటెడ్ ప్రమోషన్లు ఇవ్వకూడదు. తప్పు ఎక్కడ జరుగుతుందో చెప్పాలంటే ఒక చిన్న వస్తువు చాలు: తూటా. స్టేషన్ ఆయుధాగారాన్ని పోలీసు భాషలో బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. ఏ తుపాకీ, ఎన్ని తూటాలు, ఏ వేళ, ఎవరికి ఇచ్చారో అక్కడి రిజిస్టరులో సంతకంతో ఉండాలి. తిరిగొచ్చిన తూటాలు, స్థలంలో దొరికిన ఖాళీ తొడుగులు, శరీరాల్లోని గాయాలు, ఈ మూడు లెక్కలూ కలవాలి. కథ అల్లినచోట ముందు విడిపోయేది ఈ లెక్కే. అందుకే ఆ రిజిస్టరును అదే రోజు స్వాధీనం చేసుకోవడం ఏ విశ్లేషణకంటే కూడా విలువైన పని.

చటాన్‌పల్లి నాటికి ఈ మార్గదర్శకాలకు అయిదేళ్లు నిండాయి. అయినా దర్యాప్తు కోసం వేసిన సిట్‌కు పక్క కమిషనరేట్ కమిషనరే అధిపతి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. నిందితులు తుపాకులు లాక్కున్నారు, కళ్లలో మట్టి కొట్టారు అన్న కథనం నమ్మదగింది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, అక్కడున్న పదిమంది పోలీసులనూ హత్య నేరం కింద విచారించాలని తేల్చింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా చెప్పింది. నివేదికను రహస్యంగా ఉంచాలన్న వాదనను పక్కనబెట్టి, 2022 మేలో సుప్రీంకోర్టు వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. వంతెన మీది పూలకు దొరికిన టీవీ సమయంలో ఈ నివేదికకు ఎంత దొరికిందో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

చనిపోయినవాడు ఎవరన్నదాన్ని బట్టే మన స్పందన ఉంటుందనడానికి 2015 ఏప్రిల్ 7 ఒక్క రోజు చాలు. ఆ రోజు శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలు 20 మంది కాల్పుల్లో చనిపోయారు, అందరూ తమిళనాడువాళ్లు. అదే రోజు వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర వ్యానులోనే చనిపోయారు. వాళ్ల చేతులకు బేడీలున్న ఫొటోలు మర్నాడు పత్రికల్లో వచ్చాయి. బేడీలున్న చేతులు తుపాకీ ఎలా లాక్కుంటాయన్న ప్రశ్న పసిపిల్లాడికైనా వస్తుంది. తమిళనాడు అట్టుడికింది. ఇక్కడ మాత్రం స్మగ్లర్లు, టెర్రరిస్టులు అన్న రెండు మాటలతో చాలామందికి సరిపోయింది.

అదే తూటా మన వీధిలోకొచ్చినప్పుడు మాట మారుతుంది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద నిరసన, ముగ్గురి మృతి. 2007 జులై 28న ముదిగొండలో ఇళ్ల స్థలాలు అడిగినవాళ్లలో ఏడుగురు. ఇవి ఇన్నేళ్లయినా పార్టీల నాలుక మీద బతికే ఉన్నాయి, ఎందుకంటే చనిపోయినవాళ్లలో జనం తమను చూసుకున్నారు. గుంపును చెదరగొట్టడానికి బీఎన్‌ఎస్‌ఎస్ 148 ఒక క్రమం అడుగుతుంది: ముందు వెళ్లిపొమ్మని ఆజ్ఞ, కదలకపోతేనే బలం. వాడుకలో దానికి మెట్లున్నాయి: మైకులో హెచ్చరిక, నీటి ఫిరంగి, బాష్పవాయువు, లాఠీ, ఆ తర్వాతే తుపాకీ, అదీ కిందికి గురిపెట్టి. కానీ చేతిలో ఉన్నది 7.62 మిల్లీమీటర్ల ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ అయితే కిందికి, పైకి అన్న తేడా పెద్దగా మిగలదు. అది యుద్ధరంగం కోసం చేసిన తుపాకీ, దాని తూటా ఒక మనిషిని దాటి వెనకున్నవాడినీ పడగొట్టగలదు.

ఇక పోలీసులేమనుకుంటున్నారు? కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ పరిశోధకులు కలిసి చేసిన 2025 నివేదిక కోసం 8,276 మంది పోలీసులను అడిగితే, ప్రమాదకర నేరస్తులను విచారించడం కన్నా చంపడమే మేలన్నవాళ్లు 22 శాతం. అంటే ఎక్కువమంది అలా అనుకోవడం లేదు. వంతెన మీది జనంకంటే పోలీసులే కాస్త నయమేమో! 2025 ఇండియా జస్టిస్ రిపోర్టులో పెద్ద రాష్ట్రాల పోలీసు విభాగంలో తెలంగాణ మొదటి స్థానంలో నిలిచింది. ఫ్లెక్సీలు కట్టుకోవచ్చు, కానీ ఆ ర్యాంకు ముఖ్యంగా కొలిచేది బడ్జెట్, ఖాళీలు, సౌకర్యాల వంటి సామర్థ్యాన్ని. లాకప్‌లో పడే దెబ్బకు అందులో గడి లేదు.

ఆ దెబ్బను పట్టుకోగలది ఒకటే, కెమెరా. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు గోడగోడనూ లెక్కపెట్టినట్టు చెప్పింది: గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, బాత్రూం బయట. చీకట్లో కనబడాలి, మాట వినబడాలి, రికార్డు 18 నెలలు ఉండాలి, అంత నిల్వ ఉన్న పరికరం దొరక్కపోతే కనీసం ఏడాది. తప్పు జరిగేది ఇక్కడే: కెమెరా బాగోగుల బాధ్యత ఎస్‌హెచ్‌ఓది (స్టేషన్ ఇన్‌చార్జి అధికారిది), అంటే నిఘాలో ఉండాల్సినవాడిదే. అందుకే కస్టడీ మరణం జరిగిన స్టేషన్‌లో ఆ రోజు కెమెరా పనిచేయలేదన్న మాట అంత తరచుగా వినబడుతుంది. 2025 సెప్టెంబరులో రాజస్థాన్ కస్టడీ మరణాల వార్త చూసి సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మళ్లీ తానే చేపట్టాల్సి వచ్చింది.

స్టేషన్‌లో కొట్టారని ఎవరైనా వస్తే, ముందు ప్రభుత్వ ఆసుపత్రికి పంపి గాయాలు రాయించాలి. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా రికార్డు భద్రపరచమని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయాలి, నకలు మానవ హక్కుల కమిషన్‌కు, కెమెరాలను చూసే జిల్లా పర్యవేక్షణ కమిటీకి. తీర్పులో 18 నెలలని ఉంది కదా అని ఆగకూడదు. డిస్కు చిన్నదైతే డీవీఆర్ (కెమెరా దృశ్యాలు దాచే పెట్టె) ఆ తీర్పు చదవదు, నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది.