పాప పేరు తుల్య, భాగం సంగతి తరవాత

పాప పుట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పాప ఏడ్చి కాదు, అది హాయిగా నిద్రపోతూనే ఉంది. పంతులుగారు పంచాంగం చూసి విశాఖ రెండో పాదం అన్నారు, అదీ సమస్య.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. విశాఖకు తీ, తూ, తే, తో అని నాలుగు అక్షరాలు. రెండో పాదానికి తూ. ఒక పాదం అంటే సుమారు ఆరు గంటలు. ఇంకాస్త ఓపిక పట్టి మూడో పాదంలో పుట్టి ఉంటే తేజస్విని అని పెట్టుకుని ఈ పాటికి స్వీట్లు పంచేవాళ్ళం. తొందరపడి పుట్టింది. మా అన్నయ్య మనవరాలు కదా, ఆ మాత్రం తొందర ఉంటుంది.

"పేరు యూనిక్‌గా ఉండాలి బాబాయ్, ఎవరికీ ఉండకూడదు" అన్నాడు పాప తండ్రి. యూనిక్ అనే మాట ఒక్కటే మా వీధిలో అందరి నోటా ఉంది. దాన్ని వదిలేసి మిగతా మాటల మీద పడ్డాం. తులసి అంటే పెరట్లో ఉంది, పక్కింట్లో ఉంది, ఎదురింటి మేక పేరు కూడా అదే. తుషార అంటే మంచు. మా వైపు మంచు ఎక్కువ పడితే మామిడిపూత మాడిపోతుంది, శుభం కాదన్నారు. తూలిక బాగుందని కోడలు ముచ్చటపడింది గానీ, సాయంత్రం ఏడు దాటాక మా ఊరి రోడ్డు మీద తూలేవాళ్ళు ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు. తుంగ అని ఎవరో అన్నారు. మా అన్నయ్య లేచి నుంచున్నాడు. "నలభై ఏళ్ళుగా చేలో తుంగ పీకుతున్నానండి. ఇప్పుడు దాన్ని ఇంట్లో పెంచమంటారా?"

పూర్వం ఈ బాధ లేదు. పేరు నలుగురిలో కనబడటానికి కాదు, కనబడకుండా ఉండటానికి పెట్టేవారు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తరవాత పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి పెంటమ్మ అనేవారు. పుల్లాకులో పెట్టి తీసి పుల్లమ్మ అనేవారు. యముడు వచ్చి పేరు విని, ఛీ, ఇదెవరికి కావాలి అని వెళ్ళిపోవాలి, అదీ లెక్క. మా తాతమ్మ పెంటమ్మగారు తొంభై దాటి బతికింది. ఈ రోజుల్లో ఆ పేరు వెతికినా దొరకదు, అంతకన్నా యూనిక్ ఏముందని నేను సభాముఖంగా ప్రతిపాదించాను. కోడలు పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పేరు అరుదు కావడానికి ఇంకో దారి ఉంది. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924లో ఒక అమ్మాయి పుట్టింది. సూర్యకాంతం అని పేరు పెట్టారు. సూర్యకిరణం సోకితే నిప్పులు కక్కే మణి పేరు అది, ఎంత గొప్ప పేరు! ఆవిడ సినిమాల్లోకి వెళ్ళి గయ్యాళి అత్త వేషాలు ఎంత బాగా వేసిందంటే, తెలుగుదేశంలో ఆ పేరు పెట్టుకునే ధైర్యం ఇంకెవరికీ లేకపోయింది. ఒక్క మనిషి తన పనిని సరిగ్గా చేస్తే ఒక పేరును జాతి మొత్తం వాడకంలోంచి తీసేయించవచ్చు. పేర్ల పుస్తకాలు రాసేవాళ్ళు ఈ పద్ధతిని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

ప్రభుత్వానికి మాత్రం తల్లిదండ్రుల కష్టం తెలుసు. 1969 నాటి జనన మరణాల చట్టం ప్రకారం పుట్టిన సంగతి 21 రోజుల్లో చెప్పాలి గానీ, పేరు రాయించడానికి ఏడాది గడువుంది, రుసుము కూడా లేదు. ఆ తరవాత రుసుము కట్టి పదిహేనేళ్ళ వరకు రాయించుకోవచ్చు. పాప పదో తరగతి పాసై తనే ఆలోచించుకుంటుందిలే అని నేను ఊరుకోబెట్టబోయాను. కానీ బారసాలకు కోడలి తరఫువాళ్ళు టికెట్లు బుక్ చేసేసుకున్నారు.

ఆ రాత్రి రెండింటికి ఫోన్‌లో దొరికింది. తుల్య. అర్థం: సమానమైనది. పక్కన 'అరుదు' అని ఆకుపచ్చ రంగులో రాసి ఉందట. అబ్బాయి అందర్నీ లేపాడు. రెండే అక్షరాలు, అమెరికా వాళ్ళకి కూడా నోరు తిరుగుతుంది, ఎక్కడా లేని పేరు.

మా అమ్మ మంచం మీద లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంటూ అంది: "తుల్యా? అంటే మన డ్రైనేనా?"

ఇక్కడ కాస్త ఆగాలి. మా తూర్పు డెల్టాలో నీళ్ళు తెచ్చేది కాలువ, వాడేసిన నీళ్ళు తీసుకుపోయేది డ్రైను. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మాకు రెండూ కావాలి. ఆ డ్రైనుల్లో ఒకటి తుల్యభాగ. మా చేను దాని గట్టునే ఉంది. ఇప్పుడు వెళ్ళి చూస్తే నీళ్ళు కనబడవు, ఒడ్డు నుంచి ఒడ్డుకి గుర్రపుడెక్క. ఊదారంగు పూలు పూసి, ఎవరో పట్టుతివాచీ పరిచినట్టు ఉంటుంది. దాని మీద కొంగలు నడుస్తాయి. మూలకి ఒక ప్లాస్టిక్ కుర్చీ, మూడు కాళ్ళది, ఏడాదిగా అక్కడే ఉంది. పూడిక తీస్తారని ప్రతి వేసవిలో అంటారు. కార్తీకంలో తుఫాను పట్టిందా, డ్రైను ఎగదన్ని కోతకొచ్చిన చేను నీళ్ళలో పడుకుంటుంది. "డ్రైను పేరు పెడతార్రా పసిదానికి? రేపు బళ్ళో వేస్తే పిల్లలు ఊరుకుంటారా?" అంది మా అమ్మ.

తెల్లారి పంతులుగారిని పిలిపించాం. ఆయన కాఫీ తాగి, కళ్ళు మూసుకుని, మమ్మల్ని అజ్ఞానులని తేల్చారు. గౌతముడు తెచ్చిన గోదావరిని సప్తఋషులు ఏడు పాయలు చేసి సముద్రానికి నడిపించారు. ఆ ఏడింటినీ చెప్పే శ్లోకంలో మొట్టమొదటి పేరే తుల్య. తరవాతే ఆత్రేయి, భారద్వాజి, గౌతమి, వృద్ధ గౌతమి, కౌశికి, వసిష్ఠ. సప్తసాగర యాత్ర మొదలయ్యేది కూడా తుల్యభాగ సాగరసంగమం దగ్గరే. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో వేలమంది స్నానం చేస్తారు. ఆ ఒక్కరోజు అది నది, మిగతా రోజులు డ్రైను. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళు ఉన్నారు, పండక్కి మాత్రం పెద్దరికం ఇస్తాం.

ఆలోచిస్తే ఏడుగురు అక్కచెల్లెళ్ళలోనూ అదృష్టం గౌతమిదే. రైలుకి గౌతమి, రాజమండ్రి గ్రంథాలయానికి గౌతమి, మా అన్నయ్య కూతురు చదివిన క్లాసులో ముగ్గురు గౌతములు. ఆత్రేయిని, భారద్వాజిని, కౌశికిని, వసిష్ఠని మగపిల్లలు పట్టుకుపోయారు. తుల్యను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో ఆ సాయంత్రం తెలిసింది.

రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన పేపరు కోసం వచ్చి, సంగతి విని సంతోషించారు. "మంచి పేరండి. తుల్యమైన భాగం, తుల్యభాగ. అంటే సమానమైన వాటా" అన్నారు.

హాల్లో ఫ్యాను చప్పుడు వినబడింది.

మేము ఆడపిల్లలంటే ప్రాణం పెట్టే కుటుంబం అని ముందే మనవి చేస్తున్నాను. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉండాలని మన రాష్ట్రం 1986లో చట్టం చేసింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలన్నారు. అప్పటికే పెళ్ళైపోయినవాళ్ళకి వర్తించదు. మా అక్క పెళ్ళి 1985 మే నెలలో అయింది. దైవం అనుకూలంగా ఉండటం అంటే అదే. 2005లో కేంద్రం వాళ్ళు ఆ పెళ్ళి మెలిక కూడా తీసేశారు. అయినా మా అక్క దేవత, పండక్కి వచ్చి, తన వాటా వదులుకుంటున్నానని విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి వెళ్ళింది. పట్టుచీర పెట్టాం. ఆమెను స్కూటర్ మీద రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్ళింది నేనే. రెండేళ్ళ కిందట మా అన్నయ్య కూతురు, అంటే పాపకి మేనత్త, అది కూడా సంతకం పెట్టింది. ఆ డ్రైను గట్టు చేను గురించే. "ఎలాగూ మునిగే చేనమ్మా, నీకెందుకు ఈ టెన్షన్" అన్నాడు మా అన్నయ్య. మునిగే చేను పక్కనే లేఔట్ పడిందని, ధర లేచిందని దానికి తరవాత ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో ఇంకా విచారణలో ఉంది.

అలాంటి ఇంట్లో, ఆడపిల్లని రోజుకి యాభైసార్లు సమానవాటా అని పిలవాలి. అన్నానికి పిలవాలి, బడికి పంపుతూ పిలవాలి. పాతికేళ్ళు అలా పిలిపించుకున్న పిల్ల రేపు విడుదల దస్తావేజు చేతికిస్తే చదవకుండా సంతకం పెడుతుందా?

అర్ధరాత్రి దాకా చర్చ నడిచింది. పెద్దగొంతుతో కాదు, మర్యాదస్తులం. ఒకరు తుల్యశ్రీ అన్నారు, శ్రీ చేరిస్తే అర్థం కాస్త పలచబడుతుందని. సంఖ్యాశాస్త్రం తెలిసిన తోడల్లుడు ఒకాయన ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో వై, చివర హెచ్ పెడితే దోషం పోతుందన్నారు. చివరికి దారి చూపింది వ్యాకరణమే. సమాసాన్ని విడగొట్టాం. తుల్య ఆడపిల్లకి ఇచ్చాం, భాగం మగపిల్లల దగ్గర ఉంచాం. అందరికీ ఇంత సంతృప్తిగా జరిగిన పంపకం మా వంశంలో ఇంకోటి లేదు.

అరుదు సంగతి అంటారా, గోడలకి చెవులుంటాయి. బారసాల ఇంకా నాలుగు రోజులుందనగా పక్క ఊళ్ళో ఒక తుల్య వెలిసింది. మా వంటమనిషి చెల్లెలి ఆడపడుచు మనవరాలట. ఆ పై వారం తుల్యాన్షి అని ఒక శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. దానికి అర్థం ఏమిటో మాస్టారు కూడా చెప్పలేక మజ్జిగ అడిగారు.

ఇరవై ఒకటో రోజున పీటలు వేశారు. కొత్త పళ్ళెంలో బియ్యం పోసి, అరచేత్తో చదును చేసి పెట్టారు. తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాయాలి. వాడు సబ్బు రాశాడు, నెయ్యి రాశాడు, పెళ్ళినాటి ఉంగరం వేలి నుంచి ఊడి రాలేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గడియారం చూపించారు. "మేనత్త ఉంది కదా, ఆమె రాస్తే ఇంకా మంచిది" అన్నారెవరో.

అది ముందుకొచ్చి కూర్చుంది, తన ఉంగరం తీసి తుల్య అని గుండ్రంగా రాసింది. ల కింద యవొత్తు దగ్గర బియ్యం జారితే వేలితో సర్దింది. వీడియో తీసేవాడు ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. అందరం అక్షింతలు చేతిలో పట్టుకుని లేచాం.

దాని చెయ్యి ఆగలేదు. పళ్ళెంలో ఇంకా చోటుందన్నట్టు పక్కకి జరిపి భ రాసింది, దీర్ఘం ఇచ్చింది. మా అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. అది తలెత్తి చూడలేదు, గ కూడా రాసి, "చాలా బియ్యం పోశారు బాబాయ్, సరిగ్గా సరిపోయింది" అంది.