వడికే చేతికి కుర్చీ చేతులడ్డం

నల్లగొండ వైపు ఎక్కడ రాట్నం శిక్షణ పెట్టినా పత్తి తర్వాత వస్తుంది, ముందు టెంట్ హౌస్ ఆటో వస్తుంది. అందులో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు. చేతుల్లేనివి తెమ్మంటే నామోషీ. "చేతులుంటేనే దర్జా కదక్కా!"

ఆ దర్జా ఏమిటో అక్టోబరు 2న చూడాలి. అతిథిగారు తువ్వాలు పరిచిన కుర్చీలోంచి లేచి, బల్ల మీది పెట్టె రాట్నం ముందు ఈ కుర్చీలో ఇరుక్కుంటారు. కుడిచేత చక్రం, ఎడమచేత ఏకు, అంటే వడకడానికి చుట్టిన పత్తి. చక్రం తిరుగుతుంది, ఏకు వెనక్కి సాగుతుంది, మోచెయ్యి వెళ్లి కుర్చీ చేతికి ఠక్కున తగులుతుంది. నూలు పుటుక్కు. చప్పట్లు. "ఇంకొక్కసారి సార్" అంటాడు ఫొటోగ్రాఫర్. ఠక్కు, పుటుక్కు, చప్పట్లు. మూడోసారికి ఒక బుద్ధిమంతుడు తెగిన కొసని నూలు చుట్టుకునే కదురుకు చుట్టేసి చక్రం తిప్పొద్దంటాడు. సారు నవ్వుతారు. ఫొటో దివ్యంగా వస్తుంది. సారు పోతారు, కుర్చీ ఉండిపోతుంది. ఏకై వచ్చి మేకైందంటే ఇదే.

మోచెయ్యి తగులుతుందని భయపడి చెయ్యి ముందే ఆపారా, చక్రం తిరిగినంత పురీ, అంటే మెలీ, ఆ పొట్టి పోగులోకే ఎక్కి నూలు మెలికలు పడుతుంది. తప్పు వడికే ఆమె మీదికి పోతుంది. కుర్చీకి మెమో ఇచ్చిన ఆఫీసు లేదు.

చేతుల్లేని గట్టి కుర్చీ కావాలి, అంతే. ఎత్తు నేల నుంచి మోకాలి మడత దాకా. మన ఆడవాళ్లలో చాలామందికి పదిహేను, పదహారు అంగుళాలు సరిపోతుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కూర్చున్నాక కుర్చీ అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, లేకపోతే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి వాలి ఉంటుంది కనుక నడుము గూనవుతుంది. గోనెసంచి మడిచి వెనక భాగంలో వేస్తే సమమవుతుంది. ముందుకు వంగాల్సి వస్తే తుంటి దగ్గర వంగాలి, వీపు దగ్గర కాదు. చక్రం తిప్పే భుజం చెవి వైపు లేస్తుందంటే బల్ల ఎత్తెక్కువ. నేల మీద వడికేవాళ్లకు మూడు నాలుగంగుళాల పీట చాలు, మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగుతాయి.

అరగంటకోసారి లేచి నడవాలట. లేచి? వెయ్యి మీటర్ల చిలప, అంటే ఒక నూలు చుట్ట, వడికితే ఖాదీ కమిషన్ ఇచ్చేది 15 రూపాయలు, అదీ 2025 ఏప్రిల్‌లో పెరిగాక. ఆమె లేచిన ప్రతిసారీ తెగేది నూలు కాదు, కూలి. భుజాలు అరిగిపోవడమంటే ఏమిటో ఉమ్మడి నల్లగొండ జిల్లాకు తెలియదా? పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు. చేసింది కొడుకు! అన్నేళ్లూ తువ్వాలు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఏం కొలిచారు? ఇప్పటికైనా ఒక్క టేపు పట్టుకుని, వడికే మనిషి మోకాలి మడత ఎంతెత్తుందో చూసినవాడున్నాడా?

వచ్చే అక్టోబరుకు అతిథిగారికీ పీటే వేయండి. టెంట్ హౌస్‌లో ఉండవంటారేమో, పెళ్లి సామాను విప్పించండి, రెండుంటాయి.