ఒక రివెట్టు, రెండు నక్షత్రాలు

చరిత్రను కాపాడేది పురావస్తు శాఖవాళ్లని ఇన్నాళ్లూ అనుకున్నాను. పొరపాటు. అమెరికా కౌబాయ్ ప్రేమ నవలల పాఠకులు కాపాడుతున్నారు. జీతం లేదు, భత్యం లేదు. పుస్తకానికిచ్చే ఐదు నక్షత్రాల్లో ఎన్ని కోయాలో తేల్చే అధికారం ఒక్కటే ఉంది.

ఈమధ్య అలాంటి నవల ఒకటి చదివాను. 1870, టెక్సాస్. హీరో పొడుగు కొమ్ముల పశువుల్ని చిజమ్ ట్రెయిల్ అనే మందల దారి వెంట కాన్సస్‌లోని అబిలీన్‌లో రైలెక్కించడానికి తోలుకెళ్తుంటాడు. దారిలో హీరోయిన్, గాలివాన, ఇద్దరికీ ఒకటే గుడారం. మిగతాది మీకే అర్థమైపోతుంది, రచయిత్రికి మాత్రం నలభై పేజీలు పట్టింది. నలుగురూ ఏమనుకున్నారోనని అభిప్రాయాలు తిరగేశాక నాకెంత చరిత్ర రాదో తెలిసొచ్చింది.

ఒకాయన ప్యాంటు దగ్గర పట్టుకున్నాడు. హీరో జేబు మూల రాగి రివెట్టు, అంటే కుట్టు ఊడకుండా కొట్టే చిన్న లోహపు బిళ్ల, మెరిసిందట. దానికి జీన్స్ ప్యాంట్ల లీవై స్ట్రాస్, దర్జీ జేకబ్ డేవిస్ కలిసి పేటెంట్ తీసుకున్నది 1873లో. మూడేళ్ల ముందే ఎలా మెరుస్తుంది? రెండు నక్షత్రాలు కోత. ఇంకొకామె ముళ్లకంచె దగ్గర ఆగింది. ముళ్లతీగకు గ్లిడెన్ అనే ఆయన తీసుకున్న పేటెంట్ 1874ది, హీరోయిన్ గౌను మాత్రం 1870లోనే తీగకు తగులుకుని చిరిగింది. అది చిరక్కపోతే కథ నడవదన్న జాలైనా చూపలేదు.

ఇంత నిక్కచ్చి మనుషులు స్నానం సంగతి ఊరికే వదలరనుకున్నాను. మంద రోజుకు పది పదిహేను మైళ్లు నడిస్తే గొప్ప. అంటే రెండు మూడు నెలల దారి. వేల గిట్టలు లేపిన దుమ్ములో, ముక్కుకు రుమాలు కట్టుకుని, నెలకు ముప్పై నలభై డాలర్లకు పనిచేసే మనిషి. అరవై ఏడో రాత్రి హీరోయిన్ అతని గుండెల మీద తల వాలిస్తే దేవదారు వాసన, కొత్త తోలు వాసన వచ్చాయి. ఒక్కరూ కిక్కురుమనలేదు. పైగా ఆ వాసన తనకూ తగిలిందని ఒకామె ఐదు నక్షత్రాలిచ్చింది. మా తాతకు నాలుగంటే నాలుగే గేదెలు. ఆయన పంచెలు నానబెట్టడానికి నాయనమ్మ వేరే బాన పెట్టుకునేది. దేవదారు మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

కౌబాయ్‌లలో నలుగురికి ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. హీరో వెంట పన్నెండుమంది ఉన్నారు, లెక్కకు ముగ్గురు రావాలి. వచ్చింది వంటవాడొక్కడే, అతనూ పాట పాడటానికే. రివెట్టు లెక్క తెలిసినవారికి ఈ భాగహారం తట్టలేదు.

ఆ మందల దారి ఇండియన్ టెరిటరీ (అమెరికా ఆదివాసులకు కేటాయించిన నేల) మీదుగా, ఇప్పటి ఓక్లహోమాలోంచి పోతుంది. చికాసాలనే ఆదివాసులనూ ఇంకొన్ని తెగలనూ వాళ్ల సొంత నేల నుంచి వెళ్లగొట్టి 1830లలో అక్కడికి తరిమారు. తమ గడ్డి మేసిన మందలకు అక్కడివాళ్లు తలకింత అని సుంకం అడిగేవారు. న్యాయమే కదా? నవల్లో అలా అడిగినవాడు విలన్. మూడు పేజీలుంటాడు, పేరు కూడా లేదు. ఆ అధ్యాయం మీద పాఠకలోకం ఏకగ్రీవ తీర్పు: ముద్దు లేదు, సాగదీశారు.

రెండో ముద్రణలో రచయిత్రి చరిత్రను సరిదిద్దింది. రివెట్టు పోయి గట్టి కుట్టు వచ్చింది. కంచె బదులు మెస్కీట్ ముళ్లు, అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలు, గౌను చింపే బాధ్యత తీసుకున్నాయి. నక్షత్రాలు పెరిగాయి. సుంకం అడిగినవాడు మూడు పేజీల నుంచి ఒకటిన్నరకు దిగాడు. దేవదారు వాసన మాత్రం ఇప్పుడు రెండుచోట్ల వస్తోంది.